సాకా? బేకా?

ఈ మధ్య మా ఇంటికి పిల్లలు వెతుక్కుంటూ వస్తున్నారు. ఒకడు సంగారెడ్డి నుంచి, ఒకడు జహీరాబాద్ నుంచి, మొన్న ఒకమ్మాయి ఏకంగా హైదరాబాద్ నుంచి వచ్చింది. "తాతా, నువ్వు అప్పట్లనే స్టాండప్ చేసినవట గదా, ఎట్ల మొదలువెట్టాలె చెప్పు" అంటారు. నేను చేసిన పనికి ఆ పేరుందని నాకు ఆ పని మానేసిన తర్వాతే తెలిసింది. నిలబడి చేయడం గొప్పని మాకప్పుడు తోచలేదు. కుర్చీ ఇస్తే కదా కూర్చోవడానికి! వాల్‌పోస్టరు మీద "నవ్వుల కార్యక్రమం" అని రాసేవాళ్లు, కింద "మైకు సంగన్న, నారాయణఖేడ్" అని వేసేవాళ్లు. అంతే మా వైభవం.

ఆ అమ్మాయి పెన్ను పట్టుకొని కూర్చుంది, సూత్రాలు చెబుతానని. నా దగ్గర సూత్రాలు లేవు తల్లీ. మనిషికి నవ్వు ఎందుకొస్తుంది, ఒక ఊళ్లో వచ్చిన నవ్వు పక్క ఊళ్లో ఎందుకు రాదు అనే తహతహ ఒకటి నన్ను పట్టుకొని సగం జీవితం తిప్పింది. తెలుసుకున్నది కొంతే. ఆ కొంత ఇక్కడ రాస్తున్నాను.

తీగలు గుంజే పని

మైకు ముందుకు రాకముందు నేను మైకు వెనకాల ఉన్నవాణ్ణి. ఖేడ్ బస్టాండు పక్క సందులో బసప్ప సేటుకు మైకు సెట్ల దుకాణం ఉండేది. పెళ్లి, జాతర, గణపతి మండపం, ఎలక్షన్ ప్రచారం, ఏదున్నా గొట్టం స్పీకర్లూ ఆంప్లిఫయరూ బండికెక్కించుకొని పోవడం, గుంజలెక్కి గొట్టాలు కట్టడం, తీగలు గుంజడం నా కొలువు. సేటుది నాగల్‌గిద్ద దిక్కు ఊరు. ఇంట్లో కన్నడం, దుకాణంలో తెలుగు, కోపమొస్తే ఉర్దూ మాట్లాడేవాడు. నేను మొదటి ఏడాదిలోనే ఉర్దూ బాగా నేర్చుకున్నాను.

ఒకసారి బోరంచలో పోచమ్మ జాతర. బుర్రకథవాళ్లు రావాలి, వాళ్లెక్కిన బస్సు దారిలో చెడిపోయిందని కబురొచ్చింది. జనం చాపలు పరుచుకొని కూర్చున్నారు, లేచిపోతే మళ్లీ కూడరు. సేటు నా వైపు చూసి "వాళ్లు వచ్చేదాక హలో హలో అనుకుంట ఉండు" అన్నాడు. నేను హలో హలో మైక్ టెస్టింగ్ అన్నాను. మళ్లీ అన్నాను. ఎన్నిసార్లంటాడు మనిషి? వెనక నుంచి ఒకాయన "మైకు మంచిగనే ఉంది, నువ్వే బాగ లేవు" అని అరిచాడు. జాతర మొత్తం గొల్లుమంది.

నాకు కోపం రావాలి కదా, రాలేదు. ఆశ్చర్యం వేసింది. ఆ మాటలో ఏముంది? ఒకరికొకరు పరిచయం లేని అంతమందిని ఒక్క క్షణంలో ఒకటి చేసింది, ఎట్లా? నోరూరింది నాకు. "అవునన్నా, బుర్రకథోళ్ల బస్సు గూడ గదే అంటుంది, ఇంజను మంచిగనే ఉందట, ఎక్కినోళ్లే బాగ లేరట" అన్నాను. మళ్లీ నవ్వారు. ఇక ఆగలేదు. కండక్టరు గొంతు పెట్టాను.

"జరుగుర్రి, ఎనకకు జరుగుర్రి! ఓ పెద్దమనిషీ, మేకకు టికెట్ తీస్కున్నవా?"

"తీస్కున్న. పోవుడుకే తీస్కున్న."

"మరి రాకడకో?"

"పోచమ్మ కాడికి పోతుంది సారూ. రాకడకు దానికెందుకు?"

పోచమ్మ జాతరలో, మేకల్ని పక్కనే కట్టేసుకొని కూర్చున్న జనం ముందు ఆ మాట పడింది. ఒక ముసలామె నవ్వలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఖేడ్ బజారులో చెప్పి ఉంటే అంత పేలేది కాదని తర్వాత చెప్పి చూసి తెలుసుకున్నాను. నవ్వు మాటలో సగమే ఉంటుంది. మిగతా సగం కూర్చున్నవాళ్ల పక్కన కట్టేసి ఉంటుంది.

మరునాడు దుకాణానికి పోతే సేటు తీగల చుట్ట నా చేతిలోంచి తీసుకున్నాడు. "గిది ఎవలైన గుంజుతరు. నువ్వు మాట్లాడు" అన్నాడు. పని పోయిందనుకొని భయపడ్డాను. తీరా చూస్తే పని దొరికింది.

గుండీ తిప్పే చెయ్యి

నాకు గురువంటూ ఉంటే బసప్ప సేటే. ఆయన జన్మలో ఒక్క జోకు చెప్పలేదు. నేను చెబుతున్నంతసేపూ స్టేజీకి వీపు పెట్టి ఆంప్లిఫయర్ ముందు కూర్చునేవాడు. ఎందుకట్లా అని అడిగితే "మొఖం జూస్తె చెవి పనిచెయ్యది" అనేవాడు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ల నవ్వును ఆయన లెక్కలోకే తీసుకునేవాడు కాదు. "కుర్చీలోళ్లు పక్క కుర్చీ జూసి నవ్వుతరు. ఎనక గోడ మీద కూసున్నోడు నవ్విండా? గది జెప్పు."

ఇంకొకటి ఆయన దగ్గరే చూశాను, మరెక్కడా చూడలేదు. జనం గోల పెడితే మైకువాళ్లు సౌండు పెంచుతారు. ఈయన గుండీ తిప్పి తగ్గించేవాడు. మొదట్లో నాకు ప్రాణం పోయేది, నా మాట నాకే వినిపించేది కాదు. కానీ చూస్తుండగానే ముందువాడు వెనకవాణ్ణి "జర సప్పుడు జెయ్యకుర్రి, ఇననియ్యుర్రి" అని కసిరేవాడు. అరిస్తే జనం కూడా అరుస్తారు, గొంతు తగ్గిస్తే ముందుకు వంగుతారు. వంగినవాడు నవ్వడానికి సగం సిద్ధమైనట్టే.

అన్నీ నేర్పాడు గానీ ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. "నవ్వినోని చెయ్యి వణుకుతది, గుండీ ఎవడు తిప్పాలె?" అనేవాడు. నాకది కడుపులో పెట్టుకున్న ముల్లయింది. మూడు జిల్లాల జనం నవ్వుతున్నారు, మూడడుగుల దూరంలో ఉన్న మనిషి నవ్వడేం? ఆయన బిడ్డ మహానంద మాత్రం ఉట్టి పుణ్యానికి నవ్వేది. కొత్త కథ ఏది కట్టినా ముందు ఆమెకే చెప్పేవాణ్ణి. కథ సగంలో ఉండగానే పడీపడీ నవ్వి, కళ్లు తుడుచుకొని, "మంచిగున్నది సంగన్నా. గని నాయిన నవ్వడు" అని తీర్పు చెప్పేది. ఒక్కసారీ ఆ తీర్పు తప్పలేదు.

పాము కరిచిందా?

నాకు బాగా పేరు తెచ్చిన కథ ఒకటుంది. కన్నడం పిల్ల తెలుగింటికి కోడలై వస్తుంది. ఒకనాడు కొట్టంలోంచి "హావు! హావు!" అని అరుచుకుంటూ ఉరికొస్తుంది. కన్నడంలో హావు అంటే పాము. అత్తకు ఆవు అని వినబడుతుంది.

"ఆవైతే ఏందే, గంత లొల్లి? కట్టేయ్."

"కట్టుడు ఎట్ల అత్తా, హావు!"

"తోక వట్టి గుంజు. పాలు పిండుకొని రాపో."

ఖేడ్‌లో ఈ కథకు జనం కడుపులు పట్టుకునేవారు. మనూర్‌లోనూ అంతే. అదే ఊపులో, ఇళ్లల్లో కన్నడం మాట్లాడే నాగల్‌గిద్దలో గణపతి మండపం ముందు చెప్పాను. చప్పుడు లేదు. గొంతు మార్చి చూశాను, అత్తను ఇంకా గయ్యాళిని చేసి చూశాను. పెట్రోమాక్స్ లైటు బుస్సుమనడం ఒక్కటే వినిపించింది. సేటు గుండీ కూడా ముట్టుకోలేదు, ఏమని తిప్పుతాడు?

దిగి తీగలు చుడుతుంటే ఒకామె దగ్గరికొచ్చింది. నన్ను తిట్టడానికే అనుకున్నాను. ఆమె అడిగింది ఒక్కటే. "తమ్మా, కడీకి ఆ పిల్లను హావు కచ్చిందా, లేదా?"

చివరికి పాము కరిచిందా లేదా అని. అన్ని ఊళ్లలో చెప్పాను, కొట్టంలో ఉన్న పాము ఏమైందని నేనెప్పుడూ ఆలోచించలేదు! ఖేడ్‌వాళ్లు ఆ కథలో అత్త పక్కన కూర్చొని విన్నారు, వాళ్లకు మాట తప్పు వినబడటం కనిపించింది. ఈ ఊరివాళ్లు పిల్ల పక్కన నిలబడి విన్నారు, వాళ్లకు పాము కనిపించింది. పామును చూస్తున్నవాడు ఎట్లా నవ్వుతాడు? ఆ రోజు నుంచి ఏ కథ కట్టినా, ఇందులో వీళ్లు ఎవరి పక్కన కూర్చుంటారు అని ముందు నన్ను నేను అడిగేవాణ్ణి.

కథ మార్చాను. పిల్ల చెప్పేది నమ్మక అత్తే చెంబు పట్టుకొని కొట్టంలోకి పోతుంది. ఆపైన అత్త "హావు! హావు!" అని కన్నడంలో అరుస్తూ, కోడలు "పాము! పాము!" అని తెలుగులో అరుస్తూ ఒకే గడపలో ఇరుక్కుంటారు. మరుసటి ఏడు నాగల్‌గిద్దలో అదే ఆడమనిషి ముందు వరుసలో కూర్చొని నవ్వింది. ఎనక గోడ కూడా నవ్వింది. సేటు నవ్వలేదనుకోండి, అది వేరే సంగతి.

జల్దీ వచ్చే నవ్వులు

ఇది మీకు నచ్చకపోవచ్చు, అయినా చెబుతాను. నత్తిని, కుంటిని, చెవుడును అనుకరిస్తే నవ్వు జల్దీ వస్తుంది. తాగినవాడిలా తూలితే ఇంకా జల్దీ వస్తుంది. నేనూ చేసినవాణ్ణే. దానివల్ల వచ్చే నష్టం ఏమిటంటే పని నేర్చుకోవడం ఆగిపోతుంది. పదేళ్లుగా అదే తూలుడు తూలుతున్నవాళ్లను నేనెరుగుదును, పాపం వాళ్లు మనుషుల్ని చూడటమే మర్చిపోయారు. తర్వాత క్యాసెట్లు వచ్చాయి. మనం ఊరికి చేరకముందే మన జోకు చేరేది, నేను నోరు తెరవగానే జనం ముగింపు చెప్పేవాళ్లు. దాని మీద మా వాళ్లంతా ఏడ్చారు గానీ నేనైతే దండం పెడతాను. ఏ ఊళ్లో కార్యక్రమమో ఆ ఊరి సంతలో పొద్దంతా తిరిగి కొత్త మాట ఏరుకోవడం నాకు క్యాసెట్టే అలవాటు చేసింది.

విస్తరి ముందు

ఇక అసలు సంగతికి వస్తాను. మహానంద పెళ్లి సేటు సొంత ఊళ్లో పెట్టుకున్నారు. పిల్లవాడిది మనూర్ దిక్కు, బళ్లో పంతులు. కులం ఒక్కటే, ఇంటి భాషలే వేరు. వీళ్లది కన్నడం, వాళ్లది తెలుగు. తండ్రి చిన్నప్పుడే పోతే ఆ పిల్లవాణ్ణి సాకి, చదివించి ఇంతవాణ్ణి చేసింది మేనమామ వీరేశం. అటువైపు ఆయన మాటే మాట.

పొద్దున్నే పెళ్లివారి బస్సు దిగింది. ఫలహారానికి సుశీల వడ్డించారు. మరమరాలు తడిపి తాలింపు వేసేదాన్ని అక్కడ సుశీల అంటారు. "సుశీల పెట్టమంటరా?" అంటే పెళ్లివారిలో ఒకాయన "ఆమె ఎవరు?" అన్నాడు, అందరూ నవ్వుకున్నారు. అంత బాగా ఉంది వాతావరణం. అప్పుడు సేటు తమ్ముడి కొడుకు గిన్నె పట్టుకొని వీరేశం విస్తరి ముందు వంగి, "మామా, సాకా?" అన్నాడు.

కన్నడంలో సాకు అంటే చాలు, బేకు అంటే కావాలి. "సాకా, బేకా" అని అడగడం వాళ్లకు అలవాటు, సగం నోట్లోనే మింగేస్తారు. మనం తెలుగువాళ్లం విస్తరి ముందు "ఇంకొంచెం వేయనా" అంటాం గానీ చచ్చినా "చాలా?" అని అడగం. వీరేశానికి కన్నడం కొద్దిగా వచ్చు. ఆ కొద్దిగా రావడమే కొంప ముంచింది. అసలు రాకపోతే ఏదోలే అని ఊరుకునేవాడు, బాగా వస్తే అర్థమయ్యేది.

"చాలా అంటున్నవా? పిలిచి, కూసోవెట్టి, ఇగ చాలు లెవ్వమంటున్నవా?"

వడ్డించే పిల్లవాడు బెదిరిపోయి "ఇల్ల మామా, సాకా బేకా అంత కేళ్దె" అన్నాడు, చాలా కావాలా అనే అడిగానని.

"మల్ల అంటున్నడు జూడు!" అంటూ వీరేశం ఎంగిలిచేత్తోనే లేచాడు. ఆయన లేస్తే పంక్తి మొత్తం లేచింది. చూస్తుండగా చేతులు కడుక్కోవడం, బస్సెక్కడం అయిపోతోంది. సేటు వెనకే ఉరికి "బావా, తప్పయింది, పోరనికి తెల్వది" అని చేతులు జోడించాడు. ఆయన తప్పు తప్పు అన్నకొద్దీ అక్కడ నిజంగానే ఏదో తప్పు జరిగినట్టు అయిపోయింది. ఇటువైపు ఒక కుర్రాడు ఒక్క మాటకు ఇంత గొడవా అని కన్నడంలో కేకేశాడు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. అయ్యగారు ముహూర్తం దాటిపోతుందని గొణుగుతున్నాడు.

నేను గుంజకు గొట్టం కడుతూ అంతా చూస్తున్నాను. కిటికీలోంచి మహానంద పిలిచింది. బాసింగం కట్టి ఉంది. "సంగన్నా, ఏమన్న జెయ్యి. నాకు ఆయన నచ్చిండు. గీ పెండ్లే గావాలె నాకు" అంది. ఎన్ని వేలమంది ముందు మాట్లాడినా నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు. ఇప్పుడు జోకు వేసి అది తప్పితే, మమ్మల్ని లేపి ఎగతాళి కూడా చేశారంటారు. ఇక ఆ బస్సు తిరిగి రాదు.

మైకు పట్టుకున్నాను. ఎప్పుడొచ్చాడో సేటు, పెళ్లి పట్టుపంచెతోనే వచ్చి నా వెనక, నాకు వీపు పెట్టి ఆంప్లిఫయర్ ముందు కూర్చున్నాడు. "మెల్లగ మాట్లాడు" అన్నాడు. సౌండు తగ్గించాడు. బస్సు దాకా వినబడదేమోనని నాకు పరేషాన్.

"మనూర్ పెద్దమనుషులారా, పోయేటోళ్లు పోర్రి, ఆపను. గా మాట నన్ను గూడ ముంచింది. నా గోస ఒక్కటి జెప్పుకుంట" అని మొదలుపెట్టాను. "నేను కొలువుకు చేరిన దినం సేటు ఇంటికి బువ్వకు తోల్కపోయిండు. నీలవ్వ, గీ సేటు తల్లి, జొన్నరొట్టె వెట్టింది. తింటున్న. నా మొఖం దిక్కు జూసి 'సాకా?' అన్నది. నాకు కన్నడం రాదు. సాకాల్నా నిన్ను, అని అడుగుతుందనుకున్న. నా కండ్లల్ల నీళ్లు దిరిగినయి. మా ఇంట్ల ఇంటినిండ పోరగాండ్లం, ఎవలు తిన్నరో ఎవలు తినలేదో మా అమ్మకే తెల్వది. గీ అవ్వ జూడు, ఒక్క రొట్టె వెట్టి సాకుత అంటుంది! నేను ఆగుతనా? 'సాకు అవ్వా, సాకు!' అన్న. అవ్వ రొట్టెల గంప ఎత్తుకొని లోపటికి వోయింది."

మా పందిట్లో కిసుక్కుమన్నారు. బస్సు దగ్గర ఎవరో "ఏయ్, ఇంజను బంద్ చెయ్యి, ఇనవడ్తలేదు" అనడం వినిపించింది. ఇంజను ఆగింది.

"తెల్లారి మల్ల వోయిన. 'సాకా?' అన్నది. 'నిన్ననే జెప్పిన గదనే, సాకు!' అన్న. పప్పు గిన్నె గూడ వోయింది. ఆ తెల్లారి కాళ్ల మీద వడ్డ. 'అవ్వా, నీకు దండం వెడుత, నన్ను సాకే!' అన్న. ఆఖరుకు చెంబుల నీళ్లు గూడ ఎత్తుకపోయింది. నేను ఎంత బతిమిలాడితే నాకు అంత ఉపాసం."

అప్పుడు పందిట్లోంచి నీలవ్వ, పండు ముసలి, కర్ర పైకెత్తి అరిచింది. "సుళ్ళు! ఐదు రొట్టి తిందాన!"

అబద్ధం, ఐదు రొట్టెలు తిన్నాడు అని. ఇక ఆ నవ్వు ఏ భాషదో, ఎవరి వైపుదో తెలియలేదు. బస్సు కిటికీల్లోంచి తలకాయలు బయటికొచ్చాయి. వీరేశం మాకు వీపు తిప్పుకొని నిలబడ్డాడు గానీ, ఆ భుజాలు ఊగుతున్నాయి. కాసేపటికి తువ్వాలతో మొహం తుడుచుకొని, గంభీరంగా నడిచొచ్చి, అదే విస్తరి ముందు కూర్చున్నాడు. "ఏయ్ పిల్లగా, ఇటు రా. సాకు గాదు, బేకు. ఆ సుశీలను జర పిలువు" అన్నాడు.

ఆ కథలో నిజమెంత అని పిల్లలు అడుగుతారు. ఒక్క పూట "సాకు" అన్నమాట నిజం. మిగతాది నేను కట్టింది. ఐదు రొట్టెలు కూడా నిజమే.

వెనక్కి తిరిగి చూశాను. ఇంత జరిగినా సేటు నవ్వలేదు. గుండీ మీద చెయ్యి పెట్టుకొని కూర్చొని ఉన్నాడు.

అప్పగింత

సాయంత్రం అప్పగింతలు. అయ్యగారి మంత్రాలకు పెట్టిన మైకు అక్కడే ఉంది, ఆంప్లిఫయర్ దగ్గర నేను కూర్చున్నాను. సేటు మహానంద చెయ్యి పట్టుకొని తెచ్చి వీరేశం చేతిలో పెట్టాడు. ఆ సమయంలో పెద్దలు ఏమేమో అంటారు కదా, అల్లారుముద్దుగా పెంచాం, తప్పులుంటే కడుపులో పెట్టుకోండి అని. సేటుకు మూడు భాషలు వచ్చు. ఒక్కదాంట్లోనూ మాట రాలేదు. పెదవులు కదిలించి, కదిలించి, చివరికి ఒక్కటే అన్నాడు.

"సాకు."

ఈసారి వీరేశానికి తప్పు వినబడలేదు. "సాకుత బావా. నా బిడ్డ లెక్క సాకుత" అన్నాడు. సేటు అక్కడే చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎంతకూ ఆపడం లేదు. మహానంద ఏడుస్తోంది, ఆడవాళ్లంతా ఏడుస్తున్నారు, నాకూ ఆగలేదు. వీరేశం ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసి, చెవిలో చెప్పినట్టుగా అన్నాడు.

"బావా, ఇగ సాకు."

సేటు తల ఎత్తి ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు. ముందు గొంతులో, ఆ తర్వాత పొట్ట ఊగేటట్టు, కళ్లనీళ్లు అట్లాగే కారుతుండగా నవ్వాడు. మహానంద ఏడుపు మరిచిపోయి నా వైపు తిరిగి "సంగన్నా, నాయిన నవ్వుతుండు!" అని అరిచింది. ఇన్నేళ్లు నేను పడిన పాట్లకు రాని నవ్వు, ఎన్నడూ మైకు పట్టని వీరేశానికి ఒక్క మాటకు వచ్చింది. ఎందుకు వచ్చిందో నాకు కొంత తెలుసు, కొంత ఈరోజుకీ తెలియదు.

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ నవ్వు గొట్టాల్లోంచి ఊరంతా వినబడుతోంది. సేటును చూసి పట్టుకున్న అలవాటు కొద్దీ నా చెయ్యి గుండీ మీదికి పోయింది. తగ్గించలేదు.